ప్రళయంలోనూ పనిదినమే

సంక్రాంతికి మా పిన్ని కూతురు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉంది. మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక నేను లాప్‌టాప్ తీసి ఆట మొదలుపెట్టాను. తనకూ నిద్ర పట్టలేదేమో, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తెర మీద ఒక బల్ల, దాని మీద కొన్ని కాగితాలు. ఒక్కో కాగితంలో ఒక మనిషి బొమ్మ, పేరు, వయసు, చేసే పని, రెండు మూడు వాక్యాల్లో అతని కథ. నేను మార్కరు తీసుకుని ఒక కాగితం మీద గుర్తు పెట్టాను.

"అక్కా, ఆ గుర్తు ఎందుకు?"

"ఈ మనిషి ఈరోజు చనిపోతాడు."

తను కొంచెంసేపు ఆ తెరనే చూసింది. "మా నాన్న కాగితం కూడా ఎక్కడో ఎవరో ఇలాగే చూసి ఉంటారు కదా" అని లేచి, గదిలోకి వెళ్లి పడుకుంది.

బాబాయి 2021 మే నెలలో పోయారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ రాత్రి చెల్లికి నేను ఏ జవాబూ చెప్పలేకపోయాను. నెల రోజులుగా మనసులో నలుగుతున్న ఆ జవాబును ఇక్కడ రాసి చూస్తున్నాను. లోకం అంతమవుతుంటే ఆఫీసుకు వెళ్లి పని చేసుకోవడం అనే విషయాన్ని నవ్వుతూ చెప్పే ఆటలు చావును చులకన చేస్తున్నాయని నేను అనుకోను. అవి తేలిగ్గా ఉండటమే వాటి విలువ. అయితే ఆ తేలికదనం ఎక్కడి నుంచి వస్తోందన్నది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మార్కరు పట్టిన గుమస్తా

నేను ఆడుతున్నది "డెత్ అండ్ ట్యాక్సెస్". ఎస్తోనియా రాజధాని టాలిన్‌లోని ప్లేస్‌హోల్డర్ గేమ్‌వర్క్స్ అనే చిన్న బృందం చేసిన ఆట. 2020 ఫిబ్రవరి 20న విడుదలైంది. మూడు వారాలు తిరగకముందే, మార్చి 11న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది. తయారు చేసినవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసే అవకాశం లేదు. అయినా ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆటలో మనం మృత్యువు. నల్ల ముసుగు వేసుకుని కొడవలితో తిరిగే మృత్యువు ఇక్కడ బల్ల ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంటాడు. పై అధికారి పేరు ఫేట్, అంటే విధి. పొద్దున్నే ఆయన నుంచి ఉత్తర్వు వస్తుంది: ఈరోజు ఇంతమంది పోవాలి. ఒక్కోసారి ఫలానా వృత్తివాళ్లను వదలకూడదనో, ఫలానావాళ్లను ముట్టుకోకూడదనో షరతు కూడా ఉంటుంది. గుర్తులు పెట్టి కాగితాలు పంపేస్తే ఆ రోజు పని అయిపోయినట్టే. ఫోను తెరిస్తే మనం చేసినదాని ఫలితాలు వార్తలుగా కనిపిస్తాయి. జీతం వస్తుంది. మోర్టిమర్ అనే అస్థిపంజరం నడిపే దుకాణంలో బల్ల మీదకు వస్తువులు కొనుక్కోవచ్చు. పెట్టిన గుర్తును చెరపాలన్నా, ముందు ఆ రబ్బరు కొని దగ్గర పెట్టుకోవాలి. పర్యావరణం, ఆరోగ్యం, శాంతి, సంపద అనే నాలుగు లెక్కలు లోలోపల నడుస్తూ ఉంటాయి. మనం ఎవరిని వదిలాం, ఎవరిని పంపాం అన్నదాన్ని బట్టి చివరికి లోకం నిలుస్తుంది, లేదా కూలుతుంది.

ఇలాంటి ఆటలు ఇంకా ఉన్నాయి. 2017లో వచ్చిన "పీస్, డెత్!"లో మనం పని చేసే సంస్థ పేరే అపోకలిప్స్ ఇన్‌కార్పొరేటెడ్. వచ్చినవాళ్లను స్వర్గానికో, నరకానికో, మధ్యలో ఉండే శుద్ధిలోకానికో పంపుతూ ఉండాలి. ఉద్యోగం ఖాయం కావాలంటే ఏడు వారాలు ప్రొబేషన్ పూర్తి చేయాలి. దాన్నీ ఆడాను, నవ్వుకున్నాను. కానీ మనసు పట్టుకున్నది మాత్రం ఆ టాలిన్ బృందం ఆటే.

చిత్రగుప్తుడి చిట్టా

తెలుగువాళ్లకు మృత్యువు ఆఫీసు కొత్త కాదు. యమలోకాన్ని దర్బారుగా, కచేరీగా చూపించి నవ్వించడం మన నాటకాలకూ సినిమాలకూ బాగా అలవాటైన పని. యముడు కోపిష్ఠి అధికారి. చిత్రగుప్తుడు కళ్లద్దాలు సవరించుకునే ముసలి గుమస్తా. ఎక్కడో లెక్క తప్పుతుంది, లేదా చిట్టా పోతుంది, లేదా ఒకరికి బదులు ఇంకొకరిని పట్టుకొస్తారు. అక్కడి నుంచి కథ. చిన్నప్పుడు మా తాతయ్య అవి చూస్తూ పడీ పడీ నవ్వేవారు. ఆయనకు అప్పటికే రెండుసార్లు గుండెపోటు వచ్చింది. చావు దగ్గరపడిన మనిషి యముడిని చూసి నవ్వడాన్ని మా ఇంట్లో ఎవరూ తప్పుపట్టలేదు. అలా నవ్వగలుగుతున్నారని మా అమ్మమ్మ ఎంతో ధైర్యపడేది.

అయితే మన యమలోకపు నవ్వు వెనక ఒక నమ్మకం ఉంది. సరైన చిట్టా అంటూ ఒకటి ఉందన్న నమ్మకం. ఎవరి ఆయుష్షు ఎంతో ముందే రాసి ఉంది, గుమస్తా పొరబడ్డాడు, ఆ పొరపాటు దిద్దితే న్యాయం మళ్లీ నిలబడుతుంది. తప్పు గుమస్తాదే, రాతది కాదు. అందుకే ఆ కథల్లో చిత్రగుప్తుడి మీద మనకు కోపం రాదు.

టాలిన్ ఆటలో ఆ చిట్టా లేదు. విధి ఇచ్చేది అంకె మాత్రమే, ఎవరన్నది మన చేతిలో పెడతాడు. అందులో గుమస్తా పొరబడటానికి వీలే లేదు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి ఒప్పు అనేది ఎక్కడా రాసి లేదు. మొదటి రోజు నవ్వుతూ ఆడాను. రెండో వారానికి ఈ సంగతి తలకెక్కాక నవ్వు ఆగలేదు గానీ, దాని రుచి మారిపోయింది.

గంటలోపు

నేను హైదరాబాద్‌లో ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే సంస్థలో పని చేసేదాన్ని. 2021లో ఇంటి నుంచే పని. ఆ ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో మీలో ఎవరికీ వివరించాల్సిన పని లేదు. నా భాగం మాత్రం చెబుతాను.

పొద్దున తొమ్మిదింటికి లాగిన్ అయితే నా క్యూలో ఫైళ్లు వరసగా ఉండేవి. ఒక్కో ఫైలులో పేరు, వయసు, వృత్తి, చేరిన తేదీ, ఆక్సిజన్ శాతం, సీటీ స్కోరు. ఏప్రిల్ చివర్లో బీమా సంస్థలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక ఆదేశం ఇచ్చింది: కోవిడ్ క్యాష్‌లెస్ దరఖాస్తు, అంటే ఆసుపత్రి బిల్లు బీమా సంస్థే నేరుగా కట్టమని అడిగే దరఖాస్తు, అందిన గంటలోపు నిర్ణయం చెప్పాలి. చాలా మంచి ఆదేశం. ఆసుపత్రి బయట మంచం కోసం ఎదురుచూస్తున్న కుటుంబానికి గంట అంటే ఏమిటో తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయం. కానీ ఆ గంట మా తెర మీద ఎర్ర అంకెగా మారి, తగ్గుతూ కూర్చునేది. అప్రూవ్, రిజెక్ట్, క్వెరీ. మూడు బటన్లు. ఏదో ఒక కాగితం లేకపోతే క్వెరీ వేస్తే సరి, ఆ ఎర్ర అంకె ఆగిపోయేది. ఫైలు మన క్యూలోంచి వెళ్లిపోయేది. అది తిరిగి ఎప్పుడు వస్తుందన్నది అవతలివాళ్ల బాధ్యత.

ఆ రోజుల్లో నేను వేసిన క్వెరీలలో ఒకటి ఇప్పటికీ నన్ను వదలదు. ఖర్చులు తిరిగి చెల్లించమని పెట్టిన క్లెయిము అది. రోగి సంతకం ఉన్న ఒక పత్రం జత చేయలేదు. అది పంపమని క్వెరీ వేశాను. సిస్టమ్ దానికదే ఉత్తరం తయారుచేసి పాలసీదారు పేరు మీద పంపింది: మీరు సంతకం చేసిన ఫలానా పత్రం పదిహేను రోజుల్లో అందజేయగలరు. అదే ఫైలులో, నాలుగో పేజీలో, ఆయన మరణ ధ్రువపత్రం ఉంది. నేను మూడో పేజీ దగ్గర ఆగిపోయాను.

వాళ్ల అబ్బాయి అనుకుంటాను, జవాబు రాశాడు. కోప్పడలేదు. "నాన్నగారు సంతకం చేసే స్థితిలో లేరు. దయచేసి నాలుగో పేజీ చూడండి" అని రెండే రెండు వాక్యాలు. అంత మర్యాదగా రాయకుండా ఉంటే బాగుండేదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అప్పుడు నా మీద ఎవరూ చర్య తీసుకోలేదు. లెక్కల ప్రకారం ఆ రోజు నా పని బాగా జరిగింది. సాయంత్రం బృందానికి పంపే మెయిల్‌లో, గడువులోపు ముగించినవాళ్ల జాబితాలో నా పేరు ఉంది. చివర్లో ఒక నవ్వు బొమ్మ కూడా.

అందుకే ఆ ఆట తెరిచి, ఫేట్ మాటలు మొదటిసారి చదివినప్పుడు, ఎవరో మా ఆఫీసులో దూరి రాసినట్టు అనిపించింది. ప్రళయం గురించి మన ఊహలన్నీ ఆకాశం బద్దలవడం, సముద్రం ఊరి మీదకు రావడం. బల్ల ముందు కూర్చున్నవాళ్లకు అది అలా రాదు. రోజూ కన్నా కొంచెం పొడవైన క్యూగా వస్తుంది. పైనుంచి ఉత్సాహపరిచే మెయిల్‌గా వస్తుంది. చావు కబురు చల్లగా చెప్పడం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అంత పెద్ద కబురు ప్రతిరోజూ మోయాల్సి వచ్చినవాళ్లు దాన్ని చల్లగా తప్ప ఇంకెలా చెబుతారు? ఆ చల్లదనాన్ని బరువైన సంగీతంతో, ఏడుపుతో చూపిస్తే అబద్ధం అవుతుంది. తేలిగ్గా చూపించడమే నిజం.

నాకే ఒప్పుకోబుద్ధి కాని రెండు మాటలు

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చెల్లి మాట ఇంకా అక్కడే ఉంది. నేను చెప్పిందంతా ఫైలు చూసినవాళ్ల వైపు కథ. తను ఫైలులో ఉన్న మనిషి కూతురు.

ఆ ఆట మీద నాకు ఉన్న పెద్ద ఫిర్యాదు ఆ నాలుగు లెక్కల గురించి. ఒక మనిషి పోతే శాంతి పెరుగుతుంది, ఇంకొకరు పోతే సంపద తగ్గుతుంది. ఆడుతున్నకొద్దీ మనకు ఆ లెక్క అలవాటవుతుంది. ఎవరిని ఉంచితే లోకానికి లాభమని చూస్తాం. శాస్త్రవేత్తను ఉంచుతాం. ఆయుధాలు అమ్మేవాడిని పంపుతాం. మరి ఏ లెక్కనూ అటూ ఇటూ కదపని మనిషి మాటేమిటి? మూడో వారంలో ఒక రోజు అంకె పూర్తి కావడానికి ఇంకొక్కరు తక్కువయ్యారు. మిగిలిన కాగితాల్లో ఒకటి చిన్న వ్యాపారం చేసుకునే మనిషిది. ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. గుర్తు పెట్టేశాను.

బాబాయి బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు నడిపేవారు. పరీక్షల ముందు రోజు రాత్రి పదకొండింటి దాకా షాపు తెరిచే ఉంచేవారు. డబ్బులు లేని పిల్లలకు ఖాతా ఉండేది, దాన్ని ఆయన ఎప్పుడూ వసూలు చేయలేదు. ఆ ఆట బల్ల మీదకు ఆయన కాగితం వచ్చి ఉంటే ఏమని ఉండేది? వయసు 54, చిన్న వ్యాపారం. నేను గుర్తు పెట్టి ఉండేదాన్ని.

దీనికి ఒక సమాధానం ఉంది: ఆట చేసినవాళ్ల ఉద్దేశం అదే, నువ్వు ఎంత సులువుగా గుర్తు పెడతావో నీకు చూపించడానికే అలా పెట్టారు అని. ఇలాంటి ఆటల గురించి మాట్లాడేటప్పుడు అందరూ చెప్పే మాట ఇదే. నాకు ఇది పూర్తిగా మింగుడుపడదు. మనిషిని నాలుగు అంకెలుగా మార్చడం తప్పని చెప్పడానికి మనిషిని నాలుగు అంకెలుగా మార్చి, ఆ పనికి జీతం ఇచ్చి, ఆ జీతంతో బల్ల అలంకరించుకోనివ్వడం, ఇదంతా పాఠమేనని ఎలా ఒప్పుకోను? నేను ఆ దుకాణానికి వెళ్లి వస్తువులు ఇష్టంగానే కొన్నాను. ఆ క్షణంలో ఏ పాఠమూ నాకు గుర్తు లేదు.

రెండోది నవ్వు గురించే. మొదటి వారం ప్రతి కాగితం చదివాను. ఆ కథల్లో చమత్కారం ఉంటుంది కాబట్టి చదవాలనిపిస్తుంది. మూడో వారానికి పేరు, వృత్తి చూసి వదిలేస్తున్నాను. నవ్వు నన్ను లోపలికి పిలిచిన మాట నిజం. ఆ తర్వాత అదే నవ్వు నన్ను మొద్దుబార్చిందా? కొంత అవును. ఆఫీసులోనూ అంతే జరిగింది. మా గ్రూపులో తెల్లవారుజామున రెండింటికి కూడా నవ్వించే బొమ్మలు పంపుకునేవాళ్లం. అవి లేకపోతే ఆ నెల గడిచేది కాదు. అవి ఉండటం వల్లే కొన్ని నాలుగో పేజీలు చూడకుండా వెళ్లిపోయామేమో కూడా.

మా బృందంలో ఒక అక్క ఉండేది. మాకన్నా పదేళ్లు పెద్ద. ఆ గ్రూపులో జోకులు ఎక్కువగా పంపేది తనే. కానీ ఫైలు తెరవగానే అందులో ఉన్న పేరును పైకి చదివేది, ఇంటిపేరుతో సహా. కాల్‌లో ఉన్నప్పుడు మాకూ వినిపించేది. ఎందుకని అడిగితే "పేరు పలికితే చెయ్యి నెమ్మదిస్తుంది" అంది. రోజుకు ఎనిమిదో పదో ఫైళ్లు తక్కువగా చేసేది. గడువు జాబితాలో ఆమె పేరు నేను ఎప్పుడూ చూడలేదు. నవ్వు మనిషిని మొద్దుబారుస్తుందని నేను అనుకున్నప్పుడల్లా ఆమె గుర్తొచ్చి నన్ను ఆపుతుంది. అంతగా నవ్వించిన మనిషే అంత జాగ్రత్తగానూ చూసింది.

గడియారం లేని బల్ల

పని, కాగితాలు, పై అధికారులు అనే వరసలో అందరికీ తెలిసిన పెద్ద ఆట 2013లో లూకస్ పోప్ చేసిన "పేపర్స్, ప్లీజ్". డెత్ అండ్ ట్యాక్సెస్ చేసినవాళ్లు తమకు స్ఫూర్తినిచ్చిన ఆటల్లో దాని పేరూ చెప్పుకున్నారు. సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఉద్యోగి కథ అది. గొప్ప ఆట, అందులో అనుమానం లేదు. సరిగ్గా పంపిన ఒక్కో మనిషికి ఇంత అని డబ్బు. పొద్దు గడిచిపోతూ ఉంటుంది. తక్కువమందిని చూస్తే ఇంట్లో పిల్లవాడికి మందు ఉండదు, చలికి వెచ్చదనం ఉండదు. నేను దాన్ని ఐదు రోజులకు మించి ఆడలేకపోయాను. ఆ గడియారం తిరుగుతుంటే నా చేతులు చల్లబడ్డాయి.

చాలా రోజుల తర్వాత గమనించాను: మృత్యువు బల్ల దగ్గర ఆ పరుగు లేదు. కాగితాన్ని ఎంతసేపైనా చేతిలో పట్టుకోవచ్చు. ఒక పేరు దగ్గర పావుగంట ఆగినా ఫేట్ ఏమీ అనడు. అంకె పూర్తి చేయకపోతే చివాట్లు ఉంటాయి, ఆలోచించడానికి తీసుకున్న సమయానికి మాత్రం జరిమానా లేదు. ఇన్నాళ్లూ నేను ఆ ఆట తేలిగ్గా ఉండటానికి కారణం దానిలోని చమత్కారమని అనుకున్నాను. మోర్టిమర్, ఆ బొమ్మలు, ఆ సంభాషణలు అనుకున్నాను. నిజానికి నా భుజాల మీది బరువు దించింది ఆ తీరిక. లోకం అంతమవుతుంటే ఒక మనిషి కథను మొదటి నుంచి చివరిదాకా చదవడానికి కావలసినంత సేపు. మూడో వారంలో నేను చదవడం మానేసినప్పుడు, నన్ను తొందరపెట్టినవాళ్లు ఎవరూ లేరు. ఆఫీసులో గంట ఉంది, ఎర్ర అంకె ఉంది, చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ ఏమీ లేదు. అయినా మానేశాను. బరువైన ఆట నాకు ఈ సంగతి చెప్పలేకపోయేది, ఎందుకంటే అక్కడ నేను గడియారాన్ని నిందించి బయటపడేదాన్ని.

చెల్లికి చెప్పగలిగిన జవాబు ఇదే అనుకున్నాను. పోయిన ఆదివారం ఫోన్ చేసి చెప్పాను కూడా, ఇంచుమించు ఇవే మాటల్లో, నా నాలుగో పేజీ సంగతితో సహా. అది ఇంతకుముందు తనకు చెప్పలేదు.

తను అంతా విని, "మాకూ వచ్చింది అక్కా, అలాంటి ఉత్తరం" అంది. "నాన్న పేరు మీద. మీరు త్వరగా కోలుకోవాలని ఆశిస్తున్నాం అని పైన రాసి ఉంది. అమ్మ దాన్ని పారేయలేదు, బీరువాలో పెట్టుకుంది."

"ఎందుకు?"

"నాన్న పేరు అచ్చులో ఉంది కదా."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అడిగింది, ఆ ఆటలో కాగితాల మీద రాసిన కథలు ఎవరు రాశారు, ఒక్కొక్కరికి వేరువేరుగా ఉంటాయా, లేక అవే మళ్లీ మళ్లీ వస్తాయా అని. వేరువేరుగానే ఉంటాయని చెప్పాను. ఉగాదికి వచ్చినప్పుడు చూస్తానంది. గుర్తు పెట్టడం మాత్రం తన వల్ల కాదట. తను చదువుతుంది, నేను వినాలి.